వాన పడిన పొద్దు

ఆ ఏడు ముంగారు తొలకరి వానలకు ముందే మా గోదాము ఖాళీ అయింది.

కర్ణాటక సరిహద్దులో ఉన్న పావగడ బజారులో మా అంగడి. అంగడి వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు, పెరడు దాటితే గోదాము. మడకశిర నుంచి నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఎండాకాలంలో ఆ గోదాము ఖాళీగా ఉండగా చూడలేదు. చలి తగ్గే వేళకల్లా మా మామ పట్టాభి, ఎక్కడ మంచి వేరుశనగ పండిందో వాకబు చేసి, తానే పోయి కాయ వలిచి నమిలి చూసి, మూటలు తెచ్చి పేర్పించేవారు. వాన పడేదాకా వాటిని కదిలించేవారు కాదు. నడుమ ధర పెరిగినా అమ్మేవారు కాదు. వాన పడకుండా శ్రావణం దాటిపోతే మాత్రం, ఇక విత్తే కాలం పోయింది గనుక, వచ్చిన ధరకు నూనె మిల్లుకు వేసేవారు.

ఇది మంజునాథ్‌కు మింగుడుపడేది కాదు. మంజునాథ్ నా భర్త, మామకు ఒక్కడే కొడుకు. బెంగళూరులో తను పనిచేసే కంపెనీ మూతపడితే మేము పావగడకు వచ్చేశాం. మంజునాథ్ సోమరి కాడు, దుబారా మనిషీ కాడు. పొద్దున్నే లేచి అంగడి ముందు నీళ్లు చల్లేది తనే, సాయంత్రం షట్టరు దించేది తనే. సోలార్ పార్కుకని తిరుమణి, వళ్లూరు వైపు ఊళ్ల నేలంతా కౌలుకు పోయింది. ఆ ఊళ్లవాళ్లు ఇదివరకు తాళ్లు, పలుపులు, కొడవళ్లు, విత్తనం అన్నీ మా దగ్గరే తీసుకునేవాళ్లు. ఇప్పుడు వాళ్లకు విత్తడానికి నేల లేదు. బజారులో ఎదురుపడితే బండి ఆపకుండానే చెయ్యెత్తి పలకరించి పోయేవాళ్లు. సగం ఊళ్లు పోయాయి, మిగతా సగం ఎన్నాళ్లుంటాయని మంజునాథ్ భయం. ఆ భయం తప్పని నేను ఇప్పటికీ అనను.

అందుకని బెంగళూరు పోయినప్పుడల్లా ఏదో ఒక కొత్త సరుకు తెచ్చేవాడు. ముందు ఫోన్ కవర్లు, చార్జర్లు. తర్వాత నీళ్లు శుద్ధి చేసే మిషన్లు. ఆ తర్వాత ఇంటి ముందర పెట్టుకునే కెమెరాలు. కొడవళ్ల పక్కన కెమెరాలు, పలుపుల మీద ఫోన్ కవర్లు వేలాడుతుంటే లోపలికి వచ్చినవాళ్లు ఒక నిమిషం అటూ ఇటూ చూసి, తాము అడగబోయింది ఇక్కడ దొరుకుతుందో లేదో అనుమానంగా అడిగేవాళ్లు.

ఉగాది దాటాక ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర మంజునాథ్ మాట ఎత్తాడు. చళ్లకెరె మిల్లువాళ్లు కాయకు మంచి ధర ఇస్తున్నారట. గోదాము ఖాళీ చేస్తే సోలార్ పనులు చేయించే ఒక కాంట్రాక్టరుకు కావలసిన హెల్మెట్లు, బూట్లు, చేతితొడుగులు తెచ్చి నిల్వ పెట్టొచ్చట. ఆ మనిషి మాట ఇచ్చాడట. మామ అన్నం కలుపుతూనే విన్నారు.

"ఆ కాయ విత్తనానికి పెట్టింది నాయనా," అన్నారు.

"పోయినేడు కూడా విత్తనానికే పెట్టినావు నాన్నా. వాన రాలేదు. కడకు మిల్లుకే వేసినాం."

"వాన పడితే కావాల."

"పడకపోతే?"

ఇంకో మాట అంటారేమోనని మంజునాథ్ తినడం ఆపి కాసేపు ఆయన వైపే చూశాడు. మామ మజ్జిగ పోసుకున్నారు. తిని లేచి, "నీకు మంచిదనిపిస్తే చెయ్యి," అని చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లారు.

తండ్రి ఒప్పుకున్నాడని మంజునాథ్ అనుకున్నాడు. మా అత్త కన్యకమ్మ అది అలక అనుకుంది. నాకు ఏమీ తెలియలేదు. ఆ వారంలోనే లారీ వచ్చింది. కూలీలు మూటలు మోస్తున్నంతసేపూ మామ అంగట్లోనే కూర్చున్నారు. లారీ పోయాక పొరక తీసుకుని పోయి గోదాము తానే ఊడ్చారు. పొరక నా చేతికివ్వమంటే ఇవ్వలేదు.

మే నెలలో చిన్న వ్యాపారులకు శిక్షణ ఇస్తున్నారని తెలిసి మంజునాథ్ తుమకూరు పోయి వచ్చాడు. ప్రశాంత్‌కుమార్ అనే ఆయన బెంగళూరు నుంచి వచ్చి పాఠం చెప్పాడట. మంజునాథ్ అంత హుషారుగా ఇంటికి రావడం నేను చాలా కాలం తర్వాత చూశాను. కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా మాకు అదంతా చెప్పాడు. రేపు పొద్దున మీ అంగడి మూసేస్తే ఎవరికి ఏం లోటని ఆ మేష్టారు అడిగాడట. దానికి ఒక్క వాక్యంలో జవాబు చెప్పగలిగితే అదే మీ విజన్ అన్నాడట. అది లేకపోతే ఏ సరుకు తేవాలో, ఏది తేకూడదో మీకు ఎప్పటికీ తెలియదు, ఎవరేం చెబితే దాని వెంట పోతారు అన్నాడట.

"నా గురించే చెప్తాండాడా అనిపించింది," అన్నాడు మంజునాథ్.

ఆ తర్వాత చాలా సాయంత్రాలు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. రాసేవాడు, కొట్టేసేవాడు. నన్ను అడిగితే, నాకు తోచింది ఏదో చెప్పాను, అది తనకు నచ్చలేదు, నాకూ నచ్చలేదు. అత్తను అడిగితే, మనం బతకను పెట్టుకున్నాం అంగడి, ఇంకేముంటాది అంది. చివరికి వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్న మామ దగ్గరికి వెళ్లాడు. ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అది నేను గడపలో నిలబడి చూశాను. మామ చాలాసేపు ఆలోచించారు.

"అంగడంటే అంగడే కదా నాయనా," అన్నారు. "పొద్దున తెరుస్తాం, సాయంత్రం మూస్తాం."

మంజునాథ్ నవ్వి లేచాడు. మర్నాడు తనే ఒక వాక్యం ఖాయం చేసుకుని ఫ్లెక్సీ కొట్టించాడు. పావగడ ప్రజల అన్ని అవసరాలకూ ఒకే చోటు అని. ఫ్లెక్సీ అంగడివాడు తనంతట తానే ఒక భూగోళం బొమ్మ, దాన్ని పట్టుకున్న రెండు చేతులు వేసి ఇచ్చాడు. అంగడి ముందు దాన్ని కట్టినప్పుడు బజారు వాళ్లు బాగుందనే అన్నారు.

మామ మాత్రం ఆ పొద్దున నేను బియ్యం చెరుగుతుంటే వచ్చి పక్కన పీట మీద కూర్చున్నారు. మామూలుగా నాతో ఆయన ఎక్కువ మాట్లాడేవారు కాదు.

"వాడు అడిగినదానికి ఏం చెప్పాల్నో నాకు తెలీలేదమ్మా," అన్నారు. "రోజూ చేసే పనికి మాట ఎట్ల వస్తాది? మా నాయన నాకు చెప్పలేదు. ఆయన చేస్తాంటే నేను చూసినా, అంతే."

చూసింది ఏమిటని నేను అడిగి ఉండొచ్చు. కోడలిని, ఆ ప్రశ్న నాది కాదనుకున్నాను. ఆయన చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన వేసి లేచిపోయారు.

సోలార్ పనులు అప్పటికే ముగింపుకొచ్చాయి. బిహారు, ఒడిశా నుంచి వచ్చిన పనివాళ్లు ఒక్కో జట్టుగా బస్సులెక్కి పోతున్నారు. మంజునాథ్ తెచ్చి పెట్టిన సరుకులో కాంట్రాక్టరు కొన్ని హెల్మెట్లు తీసుకున్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. గోదాములో అట్టపెట్టెలు గోడ ఎత్తున ఉండిపోయాయి. మామ ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేదని మంజునాథ్ తర్వాత నాతో అన్నాడు.

జూన్ నడుమ ఒక ఉదయం స్నానానికి వెళ్లిన మామ అక్కడే కూలబడిపోయారు. తుమకూరు ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచి ఇంటికి పంపారు. కుడి పక్క పడిపోయింది. నోరు పడిపోయింది. మనుషులను గుర్తుపడతారుగానీ ఈమధ్య జరిగిన సంగతులు జారిపోయి ఉండొచ్చని డాక్టరు చెప్పాడు. పెరటి వైపు గదిలో మంచం వేశాం. ఎప్పుడూ మొలతాడుకు ఉండే గోదాము తాళంచెవి కోసం ఎడమ చేత్తో తడుముకుంటుంటే, అత్త దాన్ని ఆయన తలగడ కింద పెట్టింది. అది అక్కడుందని చూపిస్తేగానీ కుదురుగా పడుకునేవారు కాదు.

మంజునాథ్ ఆయనకు అన్నీ తానే చేశాడు. ఒళ్లు తుడిచేవాడు, పక్క మార్చేవాడు, పొద్దున్నే గడ్డం గీసేవాడు. ఒకరోజు నేను గంజి తీసుకుని వెళ్తుంటే లోపల మంజునాథ్ గొంతు వినబడింది. కాగితం లేదు, కలం లేదు. తండ్రి చెంపకు సబ్బు నురగ రాస్తూ అడుగుతున్నాడు.

"నాన్నా, రేపు మన అంగడి మూసేస్తే ఎవరికి లోటు నాన్నా?"

మామ పెదవులు కదిలాయి. "వా" అన్నారు. మళ్లీ "వా... వా..." అన్నారు. మెడ నరాలు ఉబ్బాయి. మంజునాథ్ కంగారుపడి, వాంతి వస్తోందేమోనని చిన్న బేసిన్ తెచ్చి గడ్డం కింద పట్టుకున్నాడు. మామ తల అడ్డంగా ఊపి కళ్లు మూసుకున్నారు. గంజి తాగలేదు.

వాన ఆరుద్ర కార్తెలో పడింది. పోయినేడు పడలేదు, అంతకుముందు ఏడు అంతంత మాత్రం. అలాంటిది చీకటి పడ్డాక మొదలై తెల్లవార్లూ ఒకే జోరుగా కురిసింది. పొద్దున నేను లేచేసరికి పెరట్లో ఎర్రనీళ్లు పారుతున్నాయి. వాన నిలిచిపోయింది. వీధి వైపు మనుషుల సద్దు వినబడింది. పెద్దగా కాదు, బస్టాండులో బస్సు కోసం నిలబడ్డవాళ్లు మాట్లాడుకుంటారే, అట్లా.

మంజునాథ్ షట్టరు ఎత్తాడు. నేను తన వెనకే ఉన్నాను. మెట్ల కింద రైతులు నిలబడి ఉన్నారు. మంగళవాడ వాళ్లు, అరసికెరె వాళ్లు, వెంకటమ్మనహళ్లి వాళ్లు. మోకాళ్ల దాకా బురద. ప్రతి ఒక్కరి చంకలో మడతపెట్టిన గోనెసంచి. అందరికంటే ముందు మంగళవాడ బొమ్మన్న. మామ ఈడు మనిషి, ఆయనతో చిన్ననాటి నుంచి ఎరుక. ఆయన పక్కన అరసికెరె నాగక్క.

ఏంది బొమ్మన్నా ఇంత పొద్దున్నే వచ్చినారని మంజునాథ్ అడిగాడు. బొమ్మన్న నవ్వాడు.

"ఏందంటావేంది నాయనా. వాన పడింది కదా."

మంజునాథ్‌కు అప్పుడు అర్థమైంది. ఈ ఏడు విత్తనం పెట్టలేదని చెప్పాడు. వాళ్లకు అది మాటగా చేరినట్టు లేదు. నాగక్క, మంజునాథ్ పక్క నుంచి లోపలికి తొంగి చూసింది. అరల్లో కెమెరాలు, చార్జర్లు కనిపించి ఉంటాయి.

"లోపల గోడౌన్లో చూడు నాయనా," అంది నెమ్మదిగా. "మీ నాయన ఆడ పెట్టింటాడు."

"ఆడ కూడా లేదు నాగక్కా. మిల్లుకు వేసేసినాం."

బొమ్మన్న మెట్టు మీద కూర్చున్నాడు. తలగుడ్డ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. మాట్లాడినప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. తెలియనివాడికి దారి చెప్పినట్టు చెప్పాడు.

"మేము ఇండ్లల్లో విత్తనం పెట్టుకోం నాయనా. మా అబ్బ కూడా పెట్టుకోలేదు. పంట వస్తూనే అమ్ముకుంటాం, తింటాం. యాడ లేకపోయినా, వాన పడిన పొద్దు పట్టాభిశెట్టి అంగట్లో విత్తనం ఉంటాది. అదొక్కటే మాకు తెలుసు."

మంజునాథ్ షట్టరు కొక్కెం చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

లోపలి నుంచి మామ గొంతు వినబడింది. మాట కాదు, పిలుపు. నేను పరుగున వెళ్లాను. ఆయన పక్కకు ఒత్తిగిలి లేవడానికి ప్రయత్నిస్తున్నారు. కిటికీలోంచి తడిమట్టి వాసన వస్తోంది. ముఖం సగమే కదులుతున్నా ఆయన నవ్వుతున్నారని తెలుస్తోంది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ ముఖంలో నవ్వు చూడలేదు. వీధిలో మనుషుల సద్దు ఆయనకు వినబడుతోంది. ఎవరు వచ్చారో, ఎందుకు వచ్చారో ఆయనకు తెలుసు. ఎడమ చేత్తో తలగడ కింద తడిమి తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టారు. నా వేళ్లు మూసి, పొమ్మని పెరటి వైపు చూపించారు.

గోదాము ఖాళీ అయిన సంగతి ఆయనకు గుర్తులేదని నాకు ఆ క్షణంలో తెలిసింది.

నేను అత్త వైపు చూశాను. ఆమె పైట నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. నేను పెరట్లోకి వెళ్లి, ఆ బురదలో గోదాము దాకా నడిచి, తాళం తీసి తలుపు బార్లా తెరిచాను. ఆ తలుపు కిర్రుమంటుంది. ఆయనకు వినబడాలని తెరిచాను. లోపల పెట్టెలు. ఏం చెయ్యాలో తోచక కాసేపు వాటి ముందు నిలబడి తిరిగి వచ్చాను.

అప్పటికి బొమ్మన్న గది దగ్గరికి వచ్చాడు. జబ్బు చేసిందని విన్నానని, పోయేముందు ఒకసారి చూసి పోతానని అడిగాడట. గడపలో నిలబడి మామ ముఖం చూశాడు. తెరిచి ఉన్న పెరటి తలుపు చూశాడు. నా చేతిలో తాళంచెవి చూశాడు. చంకలోని ఖాళీ గోనెసంచిని తీసి, మంచం మీది నుంచి కనబడకుండా గోడ పక్కన బయట వేసి లోపలికి వచ్చి, మామ ఎడమ చెయ్యి పట్టుకున్నాడు.

"విత్తనం కట్టించుకున్నా శెట్టీ," అన్నాడు. "మంచి కాయ. నాగక్క గూడా తీసుకునింది, అందరికీ వచ్చింది. నేల పదును ఆరకముందే వేసుకోవాల. నేను పోయొస్తా."

మామ చెయ్యెత్తారు. ఏటా అంగట్లో కూర్చుని, ఇంక ఆలస్యం చేయకుండా పొమ్మని రైతులకు చెయ్యెత్తేవారే, అట్లాగే.

మంజునాథ్ గడప అవతల నిలబడి ఇదంతా విన్నాడు. బొమ్మన్న తన పక్క నుంచే బయటికి పోయి, సంచి తీసుకుని వెళ్లిపోయాడు. మంజునాథ్ పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని ఉండిపోయాడు. నేను దగ్గరికి పోలేదు. కొంతసేపటికి లేచి ముఖం కడుక్కుని, ఎరిగినవాళ్ల వ్యాను అడిగి తీసుకుని విత్తనం కోసం వెళ్లిపోయాడు.

మడకశిరలో లేదు. కల్యాణదుర్గంలో ఉన్న కాస్తా అక్కడి రైతులే పట్టుకుపోయారు. వాన అన్ని చోట్లా పడింది, అందరికీ విత్తనం కావాలి. చళ్లకెరె పోయి మా కాయ తీసుకున్న మిల్లులోనే అడిగాడు. అది ఎప్పుడో నూనె అయిపోయిందని చెప్పారట. చివరికి ఎక్కడో పాత కాయ కొన్ని మూటలు దొరికితే వేసుకుని మర్నాడు సాయంత్రానికి వచ్చాడు. ఇంటికి కూడా రాకుండా నేరుగా ఊళ్లకు తీసుకుపోయి వాకిళ్ల ముందు దించాడు. రాత్రింబవళ్లు కాయ వలిచి వాళ్లు వేసుకునేసరికి ఎండ కాసింది. మా ఎర్రనేలల్లో పదును ఎంతసేపు నిలుస్తుంది. ఇంకో వాన పడితే దక్కుతుందని చూశారు. మబ్బులు వచ్చాయి, గాలి వాటిని తోసుకుపోయింది. పాత విత్తనం అక్కడక్కడ మొలిచి, మిగతాదంతా మట్టిలోనే ఉండిపోయింది. మంగళవాడలో బొమ్మన్న, మొలిచిన ఆ నాలుగు మొక్కల్లోకి గొర్రెలను తోలేశాడని విన్నాం.

మామ మాత్రం ఆ రోజుల్లో ప్రశాంతంగా ఉన్నారు. పెట్టింది తిన్నారు. తాళంచెవి మళ్లీ అడగలేదు. తలగడ కింద తడుముకోవడం మానేశారు. ఆయన నిశ్చింతగా నిద్రపోతుంటే మేము ఆ గదిలో నిలబడలేకపోయేవాళ్లం. చెబుదామా అని మంజునాథ్ ఒకసారి అడిగాడు. అత్త వద్దంది.

ఆషాఢం ఆఖరున, ఒక పొద్దున మంజునాథ్ గడ్డం గీస్తుండగా మామ పోయారు. ఒక చెంప అయింది, రెండో చెంపకు నురగ ఉంది. మంజునాథ్‌కు తెలిసింది. అయినా మమ్మల్ని పిలవలేదు. రెండో చెంప కూడా నెమ్మదిగా, తెగకుండా గీసి, తడిగుడ్డతో ముఖం తుడిచి, అప్పుడు వచ్చి వంటింటి గడపలో నిలబడ్డాడు.

కర్మ నాటికి ఊళ్ల నుంచి చాలామంది వచ్చారు. సోలార్‌కు నేల ఇచ్చిన ఊళ్లవాళ్లు కూడా వచ్చారు. వాళ్లు మామ దగ్గర విత్తనం తీసుకున్న సంగతులు చెప్పుకుంటుంటే మంజునాథ్ ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని విన్నాడు. ఎవరు చెప్పినా ఆ పొద్దున బొమ్మన్న అన్న మాటే. ఒకరు కరువు ఏడు చెప్పారు, ఒకరు పెళ్లి ఏడు చెప్పారు, మాట మాత్రం అదే.

భోజనాలయ్యాక బొమ్మన్నను బస్సు ఎక్కించడానికి మంజునాథ్ తోడు వెళ్లాడు. అక్కడ జరిగింది ఇంటికి వచ్చి నాకు చెప్పాడు. వచ్చే ఏడు విత్తనం తప్పకుండా ఉంటుందని, నమ్మమని బొమ్మన్నతో అన్నాడట. బొమ్మన్న తల ఊపాడట. సోలార్‌కని కొత్తగా ఇంకా నేల అడుగుతున్నారని, తానూ తమ్ముడూ ఇచ్చేద్దామనుకున్నామని, కూతురు బెంగళూరులో ఉంది గనుక భార్య, తాను అక్కడికి పోతామని చెప్పాడట. ఈ ఏడు పండి ఉంటే ఇంకొన్నాళ్లు చూసేవాళ్లమని కూడా అన్నాడట. వెంటనే, నీ మీద నింద కాదు నాయనా, వానది గూడా తప్పే అన్నాడట.

బస్సు వచ్చి నిలబడ్డాక, ఎక్కబోతూ ఆగి, బొమ్మన్న ఒకటి అడిగాడట.

"ఇన్నేండ్లు చేసినాడే ఆ పని. ఎందుకు చేస్తాండేది మీ నాయన నీకు చెప్పలేదా?"

లేదన్నాడు మంజునాథ్.

"చెప్పే పని లేదనుకున్నాడేమో," అన్నాడట బొమ్మన్న. "మాకందరికీ తెలుసు కదా."

ఇది చెప్తున్నప్పుడు మంజునాథ్ ఏడవలేదు. చెప్పడం అయ్యాక నా పక్కనే చాలాసేపు నేల మీద పడుకుని పైకప్పు చూస్తూ ఉన్నాడు.

కొన్నాళ్లకు అంగడి మళ్లీ తెరిచాం. ఒక మధ్యాహ్నం తింటూ, చలి తగ్గగానే కాయ కొనడానికి పోతానని మంజునాథ్ అన్నాడు. గోదాములో పెట్టెలు ఎంతకు పోతే అంతకు ఇచ్చేస్తానన్నాడు. ఎవరి కోసం కొంటావని నేను అడిగాను. దెప్పడానికి కాదు, నిజంగానే నాకు తెలియక అడిగాను.

"అరసికెరెలో ఇంకా కొందరుండారు," అన్నాడు. "మంగళవాడలో బొమ్మన్న ఊరొదిలి పోయినా అందరూ పోలేదు. ఎంతమంది ఉంటే అంతమందికి. వాన పడిన పొద్దు మన అంగట్లో విత్తనం ఉండాల. మన అంగడి అందుకే ఉండేది."

అత్త వడ్డిస్తూ ఆగిపోయింది. గరిటె చేతిలోనే ఉంది. ఆ మాటను ఆమె తనలో తాను ఒకసారి అనుకున్నట్టు పెదవులు కదిలాయి. తర్వాత మెల్లగా గిన్నె కింద పెట్టి కొడుకు పక్కన కూర్చుంది.

"నాకు గూడా ఏనాడూ చెప్పలేదు నాయనా ఆయన," అంది. "చెప్పింటే నేనన్నా నీకు చెప్పింటిని."